లిఫ్టు ముందు ఊరు, లిఫ్టు వెనక వాడ
(ఊరి చివరి ఇంటి నుంచి – 17)



పోయిన నెల ఒక ఆదివారం అమ్మను వెంటబెట్టుకొని ఫ్లాటు చూడ్డానికి పోయినాను. తిరుపతి బైపాస్ పక్కన కొత్తగా లేచిన అపార్ట్‌మెంటు. పేరు చెప్పను. చెబితే తప్పంతా ఆ ఒక్క బిల్డింగుదే అనుకొని మిగతావాళ్లు నిమ్మళంగా నిద్రపోతారు.

ఫోన్లో బ్రోకరుతో మాట్లాడుతూ నేను లిఫ్టెక్కేసినాను. తలుపు మూసుకున్నాక చూస్తే అమ్మ లేదు. వాచ్‌మన్ ఆమె చీర చూశాడు, చేతిలోని గుడ్డసంచి చూశాడు. "ఎనకపక్క ఇంకో లిఫ్టుండాది, అట్ల పోమ్మా" అన్నాడంట. అతను చెడ్డవాడేం కాదు. అతనికి చెప్పిన పని అతను చేశాడు. అమ్మ కూడా మారుమాట చెప్పలేదు. అట్ల పొమ్మంటే అట్ల పోవడం ఆమెకు పుట్టినప్పటి నుంచీ అలవాటే.

ఎనిమిదో అంతస్తులో నేను హాలు తలుపు దగ్గర నిలబడి ఉంటే, అమ్మ వంటింటి వెనక తలుపులోంచి లోపలికొచ్చింది. ఒకే ఫ్లాటు, తల్లికొక దారి, బిడ్డకొక దారి. నాకు నోట మాట రాలేదు. అమ్మ మాత్రం గోడను అరచేత్తో తట్టి చూసి, "ఈ లిఫ్టు గోడలకు ఎంత కాంక్రీటు పడుతుందో తెలుసునా పాపా? మేం మోసేటప్పుడు లిఫ్టు యాడుండాది, మెట్లెక్కే మోసింది" అనింది.

అమ్మది ఇరవై ఏళ్లు బేల్దారి పనిలో కూలి. చిత్తూరు పక్క పల్లె నుంచి తిరుపతికి వచ్చి, నెత్తిన చుట్టకుదురు పెట్టుకొని బాండ్లీలు మోసింది. ఆ కూలితోనే నేను ఎమ్మే చదివినాను, పీహెచ్‌డీ చేసినాను, లెక్చరరైనాను. ఆమె మోసిన ఏ బిల్డింగులోకీ, కట్టడం అయిపోయినాక ఆమె మళ్లీ పోలేదు. ఆ రోజు నాతో వచ్చిందే మొదటిసారి.

ఫ్లాటు దక్కలేదు. ఓనరు ఫోన్లో ముందు ఉద్యోగం అడిగినాడు, తర్వాత సొంతూరు అడిగినాడు, తర్వాత ఊర్లో ఇల్లు ఎటుపక్క అని అడిగినాడు. మన జిల్లాల్లో ఆ చివరి ప్రశ్నకు అర్థం అందరికీ తెలుసు. మా ఊరి పేరు పక్కన ఓటర్ల జాబితాలోనే 'హరిజనవాడ' అని ఉంటుంది. అడ్రసు చెబితే చాలు, కులం చెప్పనక్కర్లేదు. సాయంత్రానికి "వేరేవాళ్లు టోకెన్ ఇచ్చేశారు మేడం" అని బ్రోకరు ఫోన్ చేశాడు.

సరే, నా ఫ్లాటు సంగతి వదిలేయండి. నేను చెప్పదలచుకున్నది ఆ రెండో లిఫ్టు గురించి.

పల్లెలో వాడ ఎక్కడుంటుంది? ఊరికి దూరంగా, పల్లంలో, ఊరి మురుగు పారే దిక్కున. అది దానంతటది అక్కడ మొలవలేదు. ఎవరో నిర్ణయించినారు. అయితే ఆ నిర్ణయానికి కాగితం లేదు, సంతకం లేదు. అపార్ట్‌మెంటుకు రెండూ ఉన్నాయి. ఆర్కిటెక్టు గీస్తాడు, ఇంజనీరు లెక్క కడతాడు, అధికారి ముద్ర వేస్తాడు. అందుకే నేనంటాను: నిలువుగా లేచిన ఈ ఊర్లో వాడ ఎక్కడుండాలో ప్లానులోనే రాసిపెట్టి ఉంటుంది. రాసింది కాబట్టే దిద్దవచ్చు కూడా.

రెండో లిఫ్టు ఎందుకు పెడతారో ఇంజనీరింగ్ చదివిన మా విద్యార్థినొకడిని అడిగినాను. జాతీయ భవన నియమావళి ప్రకారం 15 మీటర్లు, ఆపైన ఎత్తున్నదాన్ని హైరైజ్ అంటారు. అంత ఎత్తుకు అగ్గి అంటుకుంటే ఫైర్ సిబ్బంది ఎక్కడానికి లిఫ్టు కావాలి. రోగిని స్ట్రెచర్ మీద పడుకోబెట్టి దించడానికి లోతైన లిఫ్టు కావాలి. బీరువా, మంచం, ఫ్రిజ్ ఎక్కించడానికి గట్టిది కావాలి. 24 మీటర్లు దాటితే, మంటల్లో చిక్కుకున్నవాళ్లు ఆగి ఊపిరి తీసుకోవడానికి వేరే చోటు కూడా వదలాలి. ఇవన్నీ ప్రాణం కాపాడే లెక్కలు. బీరువా వెనక లిఫ్టులో పోవాలన్నది కూడా న్యాయమే, ముందు లిఫ్టు అద్దం పగలకుండా. కానీ మనిషిని బీరువాల్లో కలిపింది ఎవరు? అది ఏ నియమావళిలోనూ లేదు. ఆ బోర్డు మనం రాసుకున్నది.

"అది భద్రత కోసం మేడం, కులం కాదు. పనివాళ్లలో అన్ని కులాలూ ఉంటాయి కదా" అనే మిత్రులుంటారు. ఉంటాయి, కాదనను. పేదరికానికి కులం లేదని మీరంటే ఒక చిన్న పని చేయండి. మీ అపార్ట్‌మెంటులో పూజ చేయించడానికి వచ్చే అయ్యవారు ఏ లిఫ్టులో వస్తాడో చూడండి. ఆయన కూడా డబ్బు తీసుకొని పని చేసి పోయేవాడే. చెత్తబుట్ట తీసుకుపోయే అక్క ఏ లిఫ్టులో దిగుతుందో చూడండి. ఆ తర్వాత మాట్లాడుకుందాం.

కులం పేరెత్తకుండా కులం పని జరిపించడం మనకొక్కరికే తెలిసిన విద్య కాదు. న్యూయార్క్‌లో ఒక ఖరీదైన టవర్‌లో, తక్కువ అద్దె ఫ్లాట్లు 55 కట్టి, వాటికి పక్కసందులో వేరే గుమ్మం పెట్టినారు. జనం దానికి 'పేదల తలుపు' అని పేరు పెట్టి రచ్చకీడ్చినారు. 2015లో అక్కడి చట్టం మార్చి, పన్ను రాయితీ కావాలంటే అందరికీ ఒకే గుమ్మం ఉండాలన్నారు. అక్కడ గుమ్మం మీద గొడవైంది. మన దగ్గర వెనక లిఫ్టును బ్రోచర్‌లో సౌకర్యాల కింద అచ్చు వేస్తున్నారు!

మన చట్టం ఏమంటుంది? రాజ్యాంగం 15(2) అధికరణ రాసినవాళ్లు తమ కాలపు అంటరానితనాన్ని కళ్లారా చూసి, చోట్ల పేర్లు ఏరి రాసినారు: దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు. లిఫ్టు లేదు. ఆనాటి ఊర్లో లిఫ్టు లేదు కాబట్టి. తెలుగులో బావి చుట్టూ ఉన్న కులం మీద 'ఊరబావి' రాసిన కొలకలూరి ఇనాక్ గారు, మన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయానికే వైస్ చాన్సలర్‌గా పనిచేశారు. బావి పోయి బోరు వచ్చింది, బోరు పోయి కుళాయి వచ్చింది. నీళ్ల దగ్గరి కులం ఇప్పుడు లిఫ్టు దగ్గరికి జరిగింది. ఈ నగరంలో సాహిత్యం చదివిన మనం ఆ రెండో కథ ఇంకా రాయాల్సే ఉంది.

ఇంకో మాట. 2005లో సుప్రీంకోర్టు అహ్మదాబాద్‌లోని ఒక పార్శీ హౌసింగ్ సొసైటీ కేసులో, సభ్యత్వం తమ సమాజం వాళ్లకే ఇస్తామన్న నిబంధన చెల్లుతుందని తీర్పు చెప్పింది. ఆ తీర్పు చదివినప్పుడు నాకు 1917 బరోడా గుర్తొచ్చింది. కొలంబియాలో చదివొచ్చిన బాబాసాహెబ్‌కు ఊరంతా ఎక్కడా గది దొరక్క, పార్శీ పేరు పెట్టుకొని పార్శీ సత్రంలో దిగినాడు. పదకొండో రోజు కర్రలతో వచ్చి వెళ్లగొట్టినారు. వందేళ్లు దాటింది. డిగ్రీ మారింది, ఊరు మారింది. 'ఇల్లు ఎటుపక్క' అన్న ప్రశ్న మారలేదు.

ఇక లిఫ్టు వదిలి కిందికి దిగుదాం. బేస్‌మెంట్ కిందికి.

పెద్ద అపార్ట్‌మెంటుకు మురుగు శుద్ధి ట్యాంకులుంటాయి. వందల కుటుంబాల మలమూత్రాలు అక్కడికే చేరతాయి. మూసిన ట్యాంకులో విషవాయువు పేరుకుంటుంది. దిగిన మనిషి రెండు మూడు గుక్కలకే పడిపోతాడు, కాపాడబోయిన ఇంకోడు వాడి మీదనే పడతాడు. ఇది మనకు దూరం సంగతి కాదు. 2018 ఫిబ్రవరిలో మన పలమనేరు దగ్గర మొరం గ్రామంలో, ఒక కోళ్ల పరిశ్రమలో మురుగు ట్యాంకు శుభ్రం చేస్తూ ఏడుగురు చచ్చిపోయినారు. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని దించడం నేరమని 2013 చట్టం చెప్పింది. మురుగులో చచ్చిపోయినవాళ్ల కుటుంబానికి 10 లక్షలివ్వాలని 2014లో, దాన్ని 30 లక్షలు చేయాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. చావు రేటు పెరిగింది. చావు ఆగిందా?

2021 నవంబరు వానలు గుర్తున్నాయా? తిరుపతి శ్రీకృష్ణనగర్‌లో భూమిలో పాతిన 18 సిమెంటు రింగుల నీటి తొట్టి, అందులో దిగి కడుగుతున్న ఆడమనిషితో సహా భూమిలోంచి పైకి లేచింది. ఆమె బతికి బయటపడింది. ఊరు ఊరంతా వింతగా చూడ్డానికి పోయింది. అది వింత కాదు, కింద ఊరిన నీళ్లు ఖాళీ తొట్టిని పడవలాగ ఎత్తినాయి. బేస్‌మెంట్ గీసే ప్రతి ఇంజనీరూ ఈ ఎత్తుడును లెక్కగట్టే స్లాబు మందం వేస్తాడు. కంటికి కనబడని నీటి బలానికి లెక్క ఉంది. ఆ ట్యాంకులోకి ఒకనాడు దిగబోయే మనిషికి లెక్క లేదు. బురద తీసే పంపు ఎక్కడ, యంత్రం బండి లోపలికి వచ్చే దారి ఎక్కడ అని ప్లాను నాడే అడగరు. తర్వాత 'ఎవరినైనా పిలిపించండి' అంటారు. ఆ 'ఎవరైనా' ఎవరో పిలిచేవాడికీ తెలుసు, వచ్చేవాడికీ తెలుసు.

1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం, కట్టే చోట మరుగుదొడ్లుండాలన్నది, తాత్కాలిక వసతి ఇవ్వాలన్నది, 50 మందికి మించి ఆడకూలీలుంటే పిల్లలకు గది ఉండాలన్నది. నేను ఇసుక కుప్ప మీద పెరిగినాను. నా గది అదే.

తిరుపతిలో తుడా వాళ్లే రాయలచెరువు రోడ్డులో తుడా టవర్స్ పేరుతో బహుళ అంతస్తుల సముదాయాన్ని చేపట్టినారు. ప్రైవేటు బిల్డర్లకు ప్లాను ఇచ్చే అధికారులూ ఉన్నారు. అందుకే అడుగుతున్నా. ముందు మీ టవర్లతోనే మొదలుపెట్టండి:

1. ఏ లిఫ్టయినా ఏ మనిషైనా ఎక్కవచ్చు అని అమ్మకం ఒప్పందంలో, సొసైటీ నిబంధనల్లో రాయండి. సామాన్లకు వేరే లిఫ్టు పెట్టుకోండి, మనుషులకు వద్దు.

2. పనిచేసేవాళ్లకు తలుపూ నీళ్లూ ఉన్న మరుగుదొడ్డి, కూర్చొని అన్నం తినే చోటు ప్లానులో చూపించనిదే అనుమతి ఇవ్వకండి.

3. మురుగు ట్యాంకులు మనిషి దిగాల్సిన అవసరం లేకుండా గీయించండి. యంత్రం వచ్చే దారి లేకపోతే ప్లాను తిప్పి పంపండి.

4. కులం చూసి, తిండి చూసి ఫ్లాటు ఇవ్వననే సొసైటీ నిబంధన మీ టవర్లలో చెల్లదని ముందే ప్రకటించండి.

ఇందులో ఏదీ స్లాబు బరువు పెంచదు.

చివరిగా నా తప్పు కూడా చెప్పాలి. ఆ రోజు లిఫ్టులో ఒక్కదాన్నే ఎక్కింది నేనే. వెనక్కి తిరిగి చూసుకోలేదు. మనలో చదువుకొని ముందు లిఫ్టు దాకా వచ్చినోళ్లం చాలామందిమి ఉన్నాం. తలుపు మూసుకునే ముందు వెనకెవరు మిగిలిపోయినారో చూడాల్సింది మనమే. కిందికి వచ్చేటప్పుడు అమ్మను ముందు లిఫ్టులోనే తెచ్చినాను. వాచ్‌మన్ లేచి నిలబడినాడు. అమ్మ అతన్ని "అన్నం తిన్నావా నాయనా?" అని అడిగింది. అతను తినడానికి చోటు కూడా ఆ ప్లానులో లేదు.

వచ్చే భాగంలో: అద్దె ఇళ్ల బోర్డుల గురించి.

జై భీమ్.