కామాటిపురా టెర్రస్ మీది ఎండ ఎవరిది?

ఆఫ్రికాలో సోలార్ వ్యాపారానికి మంచి గిరాకీ ఉందట, కొంత డబ్బు కూడబెట్టుకొని వెళ్లమంటారా అని ముంబయిలోని మన యువకులు కొందరు అడుగుతున్నారు. వద్దనము. కానీ ఆ వ్యాపారం అక్కడ ఎలా నడుస్తుందో ముందు తెలుసుకోవాలి.

కెన్యాలో 2007లో ఎం-పెసా వచ్చింది, ఫోన్‌తోనే డబ్బు పంపుకోవడం మొదలైంది. దాని ఆధారంగా 2011లో ఎం-కోపా అనే సంస్థ పుట్టింది. చిన్న సోలార్ పలక, బల్బులు, ఫోన్ చార్జర్, రేడియో ఇంటికి ఇస్తారు. మొదట కొంత కట్టించుకొని, మిగతాది రోజుకు సుమారు 50 షిల్లింగుల చొప్పున ఏడాదిపాటు తీసుకునేవారు. కిరోసిన్‌కు పోయే డబ్బే ఇటు మళ్లింది. రోజు కూలివాడి చేతిలో నెలాఖరుకు 900 మిగలదు, ఈ పూటకు 30 ఉంటుంది. ఈ లెక్క బ్యాంకు మేనేజరుకంటే మన చాల్‌లో చిట్టీ నడిపే అక్కకే బాగా తెలుసు.

అయితే వాయిదా తప్పితే దూరం నుంచే దీపం ఆపేస్తారు. ఇక్కడే మాకు బాధ. తిరగలిని తాకట్టు పట్టకూడదని ద్వితీయోపదేశకాండము 24:6 ఆజ్ఞాపిస్తోంది, ఎందుకంటే అది పేదవాడి బ్రతుకుతెరువు. పిల్ల చదువుకునే దీపమూ అలాంటిదే కదా? విశ్వాసులు ఈ వ్యాపారం చేస్తే, జ్వరంతో పనికి పోలేని వారం వాయిదా వెనక్కి జరుగుతుందనీ, దీపం ఆరదనీ ఒప్పందంలోనే రాయాలి. లాభం తగ్గుతుంది. తగ్గనివ్వండి.

ఇక మన ఇంటి సంగతి. నిజాం రాజ్యం నుంచి వచ్చి బొంబాయి కట్టడాల్లో చెమటోడ్చిన కామాటీల పేరే ఈ పేటకు వచ్చింది. ఎన్ని మేడలకు కప్పు వేశారో! వారి మనవలు మాత్రం ఇంకా పగ్డీ ఖోలీల్లోనే ఉన్నారు. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఇస్తుంది, కానీ సొంత కప్పు ఉన్నవారికే. కూలివాడికి ఎండ మిగిలింది, కప్పు మిగల్లేదు.

ఇప్పుడు కామాటిపురా పునర్నిర్మాణానికి మ్హాడా 2025లో టెండర్లు పిలిచింది. అదే ఏడాది ఆగస్టులో వర్లీ బీడీడీ చాల్స్‌లో 556 కుటుంబాలకు కొత్త ఇళ్ల తాళాలు ఇచ్చారు. 160 చదరపు అడుగుల గది 500 అయింది. సంతోషమే. కానీ టవర్‌లో లిఫ్టు, నీటి పంపు, మెట్ల లైట్లు అన్నీ కరెంటు తాగుతాయి. ఆ నెలసరి ఖర్చు మోయలేనివారు ఇల్లు అమ్ముకొని ఊరి చివరకు పోతారన్నదే మా భయం.

అదే పథకంలో హౌసింగ్ సొసైటీల ఉమ్మడి అవసరాలకు కిలోవాట్‌కు 18,000 రూపాయలు ఇస్తారు. 10 కిలోవాట్లకు సుమారు 1,000 చదరపు అడుగుల టెర్రస్ కావాలి. రోజుకు దాదాపు 40 యూనిట్లు వస్తాయి, వానాకాలంలో తక్కువే. టవర్ బిల్లంతా తీరదు, కానీ భారం తగ్గుతుంది. దీనికి టెర్రస్ సొసైటీ చేతిలో ఉండాలి. ఒకసారి సంతకాలయ్యాక బిల్డర్‌ను అడిగితే ఎవరు వింటారు?

పని నేర్చుకోవాలనే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు 2015లో మొదలైన సూర్యమిత్ర శిక్షణ గురించి చెప్పాలి. దాన్ని 600 గంటల కోర్సుగా రూపొందించారు. నైరోబీకి టికెట్ కొనేముందు పలక బిగించడం, వైరింగు, బాగుచేయడం చేతికి రావాలి. ఆ చేతికి మొదటి పని మన చాల్‌వాళ్ల కొత్త టెర్రస్ మీదే దొరకవచ్చు.

ఈ ఆదివారం ఆరాధన అయ్యాక మీ బిల్డింగు పెద్దలను కలిసి, పునర్నిర్మాణ ఒప్పందం ముసాయిదా చూపించమనండి. టెర్రస్ ఎవరి పేరున రాశారో వెతకండి.