లేజర్ సరే, చెట్ల సంగతేంటి?

శాటిలైట్ ఇంటర్నెట్ వస్తే చర్ల, దుమ్ముగూడెం అడవి పల్లెలకి టవర్లే అక్కర్లేదని మా క్లాసులో చాలామంది అంటారు. నేను సగమే ఒప్పుకుంటా.

భూమికి దగ్గరి కక్ష్యలో స్టార్‌లింక్ ఉపగ్రహాలు ఒకదానికొకటి లేజర్‌తో డేటా అందించుకుంటాయి. శూన్యంలో కాంతి వేగం సెకనుకి 3 లక్షల కిలోమీటర్లు, ఫైబర్ గాజులో దాదాపు 2 లక్షలే. కింద దగ్గర్లో గ్రౌండ్ స్టేషన్ లేకపోయినా పని నడుస్తుంది. కానీ ఊళ్లోకి దిగేది లేజర్ కాదు, రేడియో తరంగం. దానికి డిష్ పైన ఆకాశం అడ్డం లేకుండా కనిపించాలి, కింద కరెంటు ఉండాలి. టేకు చెట్ల మధ్య ప్రతి ఇంటికీ ఇది కుదరదు.

2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. అలాంటి రోజుల్లో రోడ్డు వెంట వేసిన కేబుల్‌ని నమ్ముకోలేం. అందుకే మొదటి డిష్‌లు సిటీ అపార్ట్‌మెంట్లకి కాదు, సోలార్ బ్యాటరీతో సహా ఈ మండలాల ఆరోగ్య కేంద్రాల మిద్దెల మీదకి రావాలి.