ఒకే గది, రెండు నిద్రలు

జూన్ నెలలో డుమస్ తీరంలో సూర్యుడు సముద్రంలోకి దిగేసరికి గడియారం దాదాపు 7.25 చూపిస్తుంది. కాకినాడలో అప్పటికి ముప్పావుగంట కిందటే పొద్దు గుంకి ఉంటుంది. రెండు ఊళ్లలోనూ గడియారం ఒక్కటే, సూర్యుడి వేళలు మాత్రం వేరు. మన దేశ ప్రామాణిక సమయానికి ఆధారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. కాకినాడ దాదాపు దాని మీదే ఉంది. సూరత్, దాని శివారులోని డుమస్ 72.8 డిగ్రీల దగ్గర ఉన్నాయి. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున లెక్కేస్తే అక్కడి సూర్యుడు గడియారం కంటే 39 నిమిషాలు వెనక నడుస్తున్నాడు.

పిల్లల నిద్ర గురించి చెప్పబోతూ రేఖాంశాల ప్రస్తావన ఎందుకంటే, వేర్వేరు వేళల్లో నిద్రపోయే పిల్లల్ని ఒకే గదిలో పడుకోబెట్టడం ఎలాగన్న ప్రశ్నకు మనవాళ్లు చెప్పే జవాబులన్నీ క్రమశిక్షణ చుట్టూనే తిరుగుతాయి. అందరికీ ఒకే వేళ పెట్టు, దీపం ఆర్పు, మాట్లాడనివ్వకు అంటారు. నా ఉద్దేశంలో ఇది క్రమశిక్షణ కంటే ముందు వెలుతురుకు సంబంధించిన విషయం. పిల్లల వేళల్లో తేడాను చెరిపేయాలని చూడడం కంటే దాన్ని వాడుకోవడమే తెలివైన పని.

సూరత్‌లో తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. తెలంగాణ నేత కుటుంబాలు కొన్ని తరాలుగా అక్కడి మరమగ్గాల మీద బతుకుతున్నాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతోంది. లింబాయత్ వంటి పేటల్లో ఒకటే గది ఉన్న ఇళ్లు కొత్తేమీ కాదు. ఆ మాటకొస్తే 2011 జనగణన ప్రకారం దేశంలో 37 శాతం కుటుంబాలు ఒకే గదిలో కాపురముంటున్నాయి. ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకంలో పేద కుటుంబానికి అనుకున్న ఇల్లు 30 చదరపు మీటర్లు. పిల్లల గదికి ఏ రంగు వేయాలో, మంచాలు ఎంత దూరంలో ఉండాలో చెప్పే సలహాలు ఈ ఇళ్లకు పనికిరావు. ఇక్కడ వంట, టీవీ, చదువు, నిద్ర అన్నీ ఒకే గదిలో, ఒకే ట్యూబులైటు కింద సాగాలి. మగ్గం షిఫ్టు పన్నెండు గంటలు. నాన్న ఇంటికి చేరేసరికి రాత్రి ఎనిమిది దాటుతుంది.

అలాంటి ఇంట్లో పదమూడేళ్ల అక్క, అయిదేళ్ల తమ్ముడు ఉన్నారనుకోండి. తమ్ముడికి ఎనిమిదిన్నరకే కళ్లు మూతపడుతుంటాయి. అక్కకు పదిన్నర దాటినా నిద్ర రాదు. పొద్దున ఆరింటికి తమ్ముడు లేచి గంతులేస్తుంటాడు, అక్కను మాత్రం మూడుసార్లు లేపాలి. సిరిసిల్ల నుంచి వచ్చిన నానమ్మ "మా ఊళ్ళె గీ యాళ్లకు అందరం పండుకునేటోళ్లం" అంటుంది. ఆమె అన్నదాంట్లో నిజముంది. సిరిసిల్లలో సూర్యుడు సూరత్ కంటే 24 నిమిషాలు ముందుంటాడు. అయితే ఆ మాట చివరికి "పిల్లకు బద్ధకం" అనే దగ్గరికి చేరుతుంది. అక్కడే నాకు పేచీ.

పిల్లలకు నిద్ర పట్టడం రెండు విషయాల మీద ఆధారపడుతుందని 1982లో అలెగ్జాండర్ బోర్బెలీ ఒక నమూనా ప్రతిపాదించారు. మేలుకున్న ప్రతి గంటా నిద్ర ఒత్తిడి పెరుగుతూ పోతుంది. దానితో సంబంధం లేకుండా మెదడులోని జీవగడియారం పగలు, రాత్రి లెక్క పెడుతుంటుంది. చీకటి పడ్డాక మెలటోనిన్ విడుదలవడం ఆ గడియారం ఇచ్చే సంకేతం. చిన్నపిల్లల్లో నిద్ర ఒత్తిడి త్వరగా పేరుకుంటుంది. యుక్తవయసు మొదలయ్యే పిల్లల్లో అది నెమ్మదిగా పెరుగుతుంది, పైగా జీవగడియారమూ వెనక్కి జరుగుతుంది. అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయానికి చెందిన మేరీ కార్స్కాడన్ 1990ల నుంచి ఈ సంగతి చూపిస్తూనే ఉన్నారు. కాబట్టి అక్క మేలుకుని ఉండటం మొండితనం కాదు, వయసు తెచ్చిన మార్పు. తమ్ముడితోపాటు తొమ్మిదింటికి పడుకోబెడితే ఆమెకు నిద్ర రాదు. మామూలుగా నిద్రపట్టే వేళకు ముందు రెండు మూడు గంటలు జీవగడియారం మనిషిని గట్టిగా మేలుకొలిపి ఉంచే సమయం. ఆ చీకట్లో పక్క మీద దొర్లుతూ, ఏదో గొణుగుతూ ఆమె తమ్ముణ్నీ లేపుతుంది.

ఇందుకు విరుద్ధమైన పద్ధతి కూడా చాలా ఇళ్లలో ఉంది. నాన్న వచ్చి తిన్నాకే అందరూ పడుకుంటారు. దీని మూల్యం తమ్ముడు చెల్లిస్తాడు. కొలరాడో విశ్వవిద్యాలయంలో మోనిక్ లెబూర్జ్వా బృందం 2018లో బడి ఈడుకు రాని పిల్లలు పదిమందిని, నిద్రవేళకు ముందు గంటసేపు ప్రకాశవంతమైన దీపం ముందు ఆడుకోనిచ్చింది. వాళ్ల మెలటోనిన్ దాదాపు 88 శాతం పడిపోయింది. దీపం తీసేసిన 50 నిమిషాల తర్వాత కూడా అది తేరుకోలేదు. పదిమందితో చేసిన ప్రయోగం చిన్నదే. అయినా అదే బృందం తర్వాత చేసిన ప్రయోగంలో ఇంకా మసక వెలుతురు కూడా ఈ వయసు పిల్లల మీద గట్టిగానే పనిచేసింది. మనకు "కాస్త వెలుతురే కదా" అనిపించేది అయిదేళ్ల కంటికి పగలుతో సమానం కావచ్చు.

అందుకే నేను చెప్పేది తమ్ముణ్ని ముందు, అక్కను బాగా తర్వాత పడుకోబెట్టమని. పది నిమిషాల తేడా చాలదు, కనీసం ముప్పావుగంటో గంటో ఉండాలి. నిద్రలో మొదటి రెండు మూడు గంటల్లోనే గాఢనిద్ర ఎక్కువ. ఆ దశలో ఉన్న చిన్నపిల్లల్ని మాటల చప్పుడు, గిన్నెల చప్పుడు అంత తేలిగ్గా లేపలేవు. తిరునాళ్లలో భుజం మీద నిద్రపోయే పిల్లల్ని చూసినవాళ్లకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. తమ్ముడు గాఢనిద్రలో ఉండగా అక్క వచ్చి పక్కన పడుకుంటే ఇద్దరికీ ఇబ్బంది ఉండదు. తమ్ముడికి అప్పుడే రెప్పలు వాలుతుండగా వస్తేనే గొడవ.

మరి ఆ గంటసేపు అక్క చదువుకోవడం ఎలా? ఇక్కడ భౌతికశాస్త్రం పనికొస్తుంది. దీపానికి దూరం మూడు రెట్లు పెరిగితే నేరుగా పడే వెలుతురు తొమ్మిదో వంతుకు తగ్గుతుంది. అయితే సున్నం వేసిన చిన్న గదిలో ట్యూబులైటు వెలుతురు గోడలకీ పైకప్పుకీ తగిలి తిరిగొస్తుంది కాబట్టి ఆ లెక్క అంతగా సాయం చేయదు. అసలు పైన ఉన్న దీపాన్నే ఆర్పేయాలి. అక్క గది మూలకు తిరిగి కూర్చుని, కంటి ఎత్తు కంటే కిందుండే చిన్న టేబుల్ దీపం పుస్తకం మీదికి మాత్రమే పడేలా పెట్టుకోవాలి. బల్బు పసుపు వెలుగుది కావాలి. మన కంటిలో పగటిని గుర్తుపట్టే మెలనాప్సిన్ అనే వర్ణకం 480 నానోమీటర్ల దగ్గరి నీలి వెలుగుకు ఎక్కువగా స్పందిస్తుంది, తెల్లటి ఎల్ఈడీలో నీలం పాలు ఎక్కువ. ఇక తమ్ముడి వైపు అడ్డుతెర. చీరల నగరంలో దానికి కరువేముంది? ముదురురంగు చీర రెండు మడతలు పెట్టి తాడు మీద వేస్తే చాలు. ఫ్యాను ఒకే తీరుగా చేసే చప్పుడు కూడా మంచిదే, మధ్యమధ్య వచ్చే మాటల్ని అది కప్పేస్తుంది. అక్క చేతిలో ఫోను ఉంటే మాత్రం ఈ ఏర్పాటంతా దండగ.

పొద్దున పాత్రలు మారతాయి. ఆరింటికి లేచిన తమ్ముణ్ని వెంటనే గది బయటికి, వాకిట్లోకో డాబా మీదికో పంపాలి. అక్కకు మిగిలిన నిద్ర తెల్లవారుజామునే ఉంది, అదీ ఆమెకు కావలసిన నిద్రే. పదమూడు దాటిన పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటలు, ఆరు నుంచి పన్నెండేళ్లవాళ్లకు 9 నుంచి 12 గంటలు, మూడు నుంచి అయిదేళ్లవాళ్లకు పగటి కునుకుతో కలిపి 10 నుంచి 13 గంటలు నిద్ర కావాలని అమెరికా నిద్ర వైద్యుల సంఘం 2016లో సూచించింది. అక్క వేళను కాస్త ముందుకు జరపాలంటే రాత్రి తిట్టడం కంటే, లేచిన వెంటనే బయటి వెలుతురులో తిరగనివ్వడం మేలు. నీడపట్టున కూడా బయటి వెలుతురు ఇంట్లో దీపం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. రోజుకు పదిహేను నిమిషాల చొప్పున మార్చుకుంటూ పోవచ్చు. ఆదివారం డుమస్‌లో టమాటా బజ్జీలు తిని పదకొండింటికి ఇల్లు చేరితే సోమవారం ఇద్దరూ ఇబ్బంది పడతారన్నది నిజమే. అలాగని బీచ్ మానేయమనను. ఆ మర్నాడు కూడా రోజూ లేచే వేళకే లేపి, మధ్యాహ్నం చిన్నవాడికి కునుకు తీయనిస్తే సరిపోతుంది.

ఇంట్లో చేయగలిగింది ఇంతవరకే. మన దేశపు గణాంకాలతో ఆర్థికవేత్త మౌలిక్ జగ్నానీ చేసిన అధ్యయనంలో, సూర్యాస్తమయం గంట ఆలస్యమయ్యే చోట పిల్లల నిద్ర దాదాపు అరగంట తగ్గుతున్నట్టు తేలింది. రాత్రి నిద్ర ఆలస్యంగా మొదలవుతోంది, లేవాల్సిన వేళను మాత్రం బడిగంట జరగనివ్వడం లేదు. ఈ నష్టం పేద ఇళ్లలో ఎక్కువ. కిటికీ తెరలు, వేరే గది వంటి నిద్రకు సాయపడే వసతులు వాళ్లకు అందకపోవడం ఒక కారణం కావచ్చని ఆయన వివరణ. దేశానికి రెండు కాలమండలాలు కావాలన్న చర్చ ఎప్పుడు వచ్చినా ఈశాన్యంలో త్వరగా పడే చీకటి గురించే మాట్లాడుకుంటాం. పడమటి కొసన ఉన్న పిల్లల ఆలస్యపు సాయంత్రం ఎవరికీ గుర్తురాదు.

జనవరిలో సూరత్‌లో సూర్యోదయం దాదాపు 7.20కి. ఉదయం ఏడింటికి మొదలయ్యే బడి అయితే పదమూడేళ్ల పిల్ల చీకట్లోనే లేచి, చీకట్లోనే నడిచి వెళ్లాలి. రెండు షిఫ్టుల్లో నడిచే బడులు చిన్న తరగతులను ఉదయానికీ పెద్ద తరగతులను మధ్యాహ్నానికీ మార్చితే కొత్త గది ఒక్కటీ కట్టక్కర్లేదు. ఆడపిల్లలు ఇంటికి చేరేసరికి చీకటి పడుతుందన్న తల్లిదండ్రుల భయం సబబే. కానీ డిసెంబరులో కూడా సూరత్‌లో దాదాపు ఆరింటిదాకా పొద్దు ఉంటుంది. అయిదున్నరకు బడి వదిలితే వెలుతురుండగానే ఇల్లు చేరవచ్చు.