మడత పడవకు మంచినీళ్ల స్నానం

పడవను మడిచి, సంచుల్లో సర్దుకుని రైలెక్కడం ఎప్పుడైనా విన్నారా? జర్మనీలో అది వందేళ్లు దాటిన ముచ్చట. 1905లో ఆల్‌ఫ్రెడ్ హాయ్‌రిష్ అనే ఆర్కిటెక్చర్ విద్యార్థి వెదురు బద్దలతో చట్రం కట్టి, దానికి తెరచాప గుడ్డ తొడిగి, మ్యూనిక్ వైపు పారే ఈజార్ నదిలో దిగాడు. రెండేళ్లకు రోజెన్‌హైమ్ పట్టణంలోని దర్జీ యోహాన్ క్లెప్పర్ ఆ నమూనా హక్కులు కొన్నాడు. అలా బజారులోకి వచ్చిందే ఫోల్డింగ్ కయాక్... మన మాటల్లో మడత పడవ.

దీని తీరు మనకు మరీ కొత్తేం కాదు. కృష్ణా, తుంగభద్రల్లో తిరిగే పుట్టిని చూడండి. లోపల వెదురు బుట్ట, పైన తారు పూసిన తొడుగు. మడత పడవలోనూ అంతే. లోపల చెక్క లేదా అల్యూమినియం చట్రం, అడుగున రబ్బరు లాంటి పూత ఉన్న గట్టి గుడ్డ, పైన కాన్వాసు. తేడా అల్లా, దీన్ని ఏ ముక్కకా ముక్క విప్పొచ్చు.

గుడ్డ పడవే కదా అని తీసిపారేయకండి. 1956లో హాన్నెస్ లిండెమాన్ అనే జర్మన్ వైద్యుడు ఇలాంటి పడవలోనే ఒంటరిగా 72 రోజుల్లో అట్లాంటిక్ దాటాడు. అంతకు ముందే, 1932లో ఓస్కర్ స్పెక్ అనే యువకుడు జర్మనీలోని ఉల్మ్‌లో బయల్దేరి, మన దేశ తీరం మీదుగా సాగి, 1939లో ఆస్ట్రేలియా దీవులు చేరాడు. అయితే దారిలో పడవలు మార్చుకోక తప్పలేదు!

సముద్రాలు దాటే పడవ కూడా ఇంట్లో మూలన పడి పాడైపోతుంది. కారణాలు మూడే... ఉప్పు, ఇసుక, తడి.

ఉప్పునీటిలో తిరిగొచ్చాక లోపలా బయటా మంచినీళ్లతో కడగాలి. అలసిపోయాం, రేపు చూద్దాం అనుకున్నారో, అల్యూమినియం గొట్టాల అతుకుల్లో ఉప్పు పేరుకుని బిగుసుకుపోతాయి. తరవాత సుత్తి పెట్టి కొట్టినా ఊడి రావు. రోజుల తరబడి విప్పకుండా వాడుతుంటే, మధ్యలో ఒకసారైనా అతుకులు విడదీసి కడగాలి. తయారీదారు చెప్పిన గ్రీజే వాడాలి. ఏది పడితే అది రాస్తే రబ్బరు దెబ్బతింటుంది.

ఇసుక ఇంకా మొండిది. చట్రానికీ అడుగు గుడ్డకీ మధ్య చేరి, తెడ్డు వేసిన ప్రతిసారీ గుడ్డను లోపలి నుంచి అరగదీస్తుంది. బయటికి ఏమీ కనిపించదు. నది మధ్యలో ఉండగా కాళ్ల కింద నీళ్లు ఊరినప్పుడు తెలుస్తుంది! అందుకే ఎక్కేముందు కాళ్లు కడుక్కోవాలి. పడవను గట్టు మీద ఈడ్చకుండా ఇద్దరు చెరోవైపు పట్టుకుని మోయాలి.

కడిగాక నీడలో, గాలి తగిలేచోట పూర్తిగా ఆరబెట్టండి. కాన్వాసు తడిగా మడిస్తే బూజు పడుతుంది. చెక్క చట్రంలో వార్నిష్ లేచినచోట గరుకు కాగితంతో రుద్ది మళ్లీ పూత వేయాలి. లేకపోతే అక్కణ్నుంచే నీరు లోపలికి దిగుతుంది.

చిన్న చిరుగు పడితే సైకిల్ పంక్చరు పద్ధతే. తుడిచి, ఆరబెట్టి, గరుకు చేసి, మూలలు గుండ్రంగా కత్తిరించిన అతుకు వేయాలి. జిగురు మాత్రం పడవ గుడ్డను బట్టి ఉంటుంది. పీవీసీకి పనికొచ్చేది రబ్బరుకు పట్టకపోవచ్చు. పక్కల్లో గాలి గొట్టాలున్న పడవను ఎండలో వదిలేయాల్సి వస్తే కాస్త గాలి తీసేయండి. వేడికి గాలి వ్యాకోచించి కుట్లు తెగే ప్రమాదం ఉంది.

దాచేటప్పుడు గుడ్డను గట్టిగా నొక్కి మడవకండి. వదులుగా చుట్టండి. ప్రతిసారీ అదే మడత పడితే అక్కడే చిట్లుతుంది. రేకుల కప్పు కింద వేడికి, ఎలుకలకు దూరంగా పెట్టండి. మళ్లీ వాడేముందు ఇంటి దగ్గరే ఓసారి బిగించి చూసుకోండి. పడవ ఎంత బాగున్నా లైఫ్ జాకెట్ లేకుండా నీళ్లలో దిగొద్దు.

ఎవరైనా పాత మడత పడవ అమ్ముతామంటే ధర అడిగే ముందు సంచి తెరిచి వాసన చూడండి. బూజు వాసన కొట్టిందా... దాన్ని తడిగానే మూటకట్టి పెట్టేవారన్నమాట!