అటకమీది పెట్టెలు



వయసు మీఱిన వారికి తమ చిన్ననాటి పాటయే పాట, తమనాటి పత్రికయే పత్రిక. ఇది క్రొత్తగా పుట్టిన గుణము గాదు. గ్రామఫోను వినుచు పెరిగినవారు రేడియో పాటలకు పెదవి విఱిచిరి. రేడియో వినుచు పెరిగినవారు దూరదర్శనమును చూచి ఇదేమి పిచ్చి యనిరి. దూరదర్శనముతో పెరిగినవారు నేడు సెల్‌ఫోను చేతబట్టి కూర్చుండిన బిడ్డలను చూచి నిట్టూర్చుచున్నారు. కావున గడచినదానిపై మమకారము కలుగుట వింత గాదు. ఆ మమకారము వట్టి నిట్టూర్పుగా పోవలసినదేనా, లేక దానివలన మనము చేయదగిన పని యేదేని గలదా యన్నదే ఈ మాసమున మేము మీతో ముచ్చటింప దలచిన విషయము.

ఇందులకు కారణము కోనసీమనుండి యొక సోదరి మాకు వ్రాసిన జాబు. వారి పాత పెంకుటిల్లు విప్పి మేడ కట్టుకొనుచున్నారు. అటకమీదనుండి అత్తగారి పెట్టెలు మూడు దిగినవి. ఒకదానిలో వారపత్రికలనుండి పుటలు తీసి, దారముతో కుట్టి, అట్టలు వేసిన నవలలున్నవి. రెండవదానిలో సినిమా పాటల పుస్తకములును, చేతివ్రాత పాటల పుస్తకములును ఉన్నవి. మూడవదాని నిండ టేపురికార్డరు క్యాసెట్లు. భర్తగారు పాత కాగితములు కొనువానికి కబురు పంపిరి. అత్తగారు "పాత కాగితాలే గదా, పోనీండి" అని యూరకుండిరట. కాని ఆ పూట వారు అన్నము ముట్టలేదట. "ఉంచుటకు చోటు లేదు, అమ్ముటకు మనసొప్పదు. ఏమి చేయుదును?" అని ఆ కోడలి ప్రశ్న.

సమాధానము చెప్పుటకు ముందు ఆ పెట్టెలలో నున్నదేమో చూతము.

గోదావరి సీమకు స్త్రీల పత్రికలు పుట్టినిల్లని చెప్పవచ్చును. కందుకూరి వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమునుండి 1883లో స్త్రీలకొఱకే సతీహితబోధినిని వెలువరించిరి. 1902లో ఏలూరునందు సత్తిరాజు సీతారామయ్యగారు హిందూసుందరిని స్థాపించి, సంపాదకత్వమును స్త్రీల చేతికే యిచ్చిరి. మొసలికంటి రమాబాయమ్మగారును, వెంపల శాంతాబాయమ్మగారును దానిని నడపిరి. ఆ పిమ్మట అది కాకినాడకు చేరినది. కాకినాడనుండియే పులుగుర్త లక్ష్మీనరసమాంబగారు సావిత్రిని నడపిరి. బడిమెట్టెక్కని తల్లులు కూడ బిడ్డలచేత చదివించుకొని విన్న పత్రికలివి. వాని సంచికలన్నియు ఒక్కచోట నేడు చూడవలెనన్న ఎంతయో తిరుగవలసియున్నది. నాడు అవి ఇంటింటికి వచ్చినవే. చదివిన పిమ్మట పచారి పొట్లములైనవే.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట వారపత్రికల కాలము వచ్చినది. ఆంధ్రప్రభ వారపత్రికలో 1952 మొదలు నలువదియేండ్లకు పైబడి మాలతీ చందూరుగారు ప్రమదావనము శీర్షికను నడపిరి. వంటనుగూర్చి యడిగిన ప్రశ్నకును, దేశాంతర విషయమునుగూర్చి యడిగిన ప్రశ్నకును వారు ఒక్క రీతిగా ఓపికతో జవాబిచ్చెడివారు. నరసాపురమున పుట్టిన బాపుగారి బొమ్మయు, ధవళేశ్వరమున పుట్టిన ముళ్లపూడి వెంకటరమణగారి మాటయు కలిసి, 1950ల దశకమున ఆంధ్రపత్రిక వారపత్రికలో బుడుగు అను బాలుని ఇంటింటి బిడ్డగా చేసినవి. జ్యోతి మాసపత్రికలో యద్దనపూడి సులోచనారాణిగారి సెక్రటరీ నవల ధారావాహికముగా వచ్చిన దినములలో, మాసము తిరుగుటకై యెదురు చూడని యువతి యుండెనా?

అయినను పత్రిక ఇంటికి వచ్చినంతనే గృహిణి చేతికి వచ్చెడిది గాదు. మొదట మామగారు, పిదప మగవారు, ఆ పిదప చదువుకొను పిల్లలు. వంటయిల్లు కడిగి, గిన్నెలు బోర్లించి, మధ్యాహ్నమున రెండు గడియలు నడుము వాల్చునప్పుడు గాని కోడలికి అది దక్కెడిది గాదు. ఒకరి యింట ఒక పత్రిక, పొరుగింట వేఱొకటి కొని మార్చుకొనెడివారు. అద్దె పుస్తకముల దుకాణమునకు పిల్లవానిని పంపి కొద్ది పైసలకు నవల తెప్పించుకొనెడివారు. పత్రిక పాతబడిన పిమ్మట ధారావాహిక పుటలు తీసి వరుసగా పేర్చి, బొంత కుట్టు సూదితో కుట్టి దాచుకొనెడివారు. నడుమ నొక వారము సంచిక దొరకకున్న, పొరుగింట నడిగి తెచ్చి, ఆ భాగమును చేతితో వ్రాసి చేర్చినవారును గలరు. అట్టి పుస్తకము ఏ అచ్చుయంత్రమును తీయలేదు. దానిని చేసినది ఆ గృహిణియే.

ఇక పాటలమాట. సినిమాహాలు వాకిట చిన్న పాటల పుస్తకములమ్మెడివారు. కథ సగము చెప్పి, తక్కినది వెండితెరపై చూడుడని ముగించెడివారు. సినిమాకు పోజాలని యిల్లాండ్రకు ఆ సగము కథయు, ఆ పాటలునే సినిమా. ఆ పుస్తకములు కూడ దొరకనివారు రేడియోలో పాట వచ్చుచుండగా పెన్సిలు పట్టుకొని కూర్చుండి, ఒక వారము పల్లవియు, మఱొక వారము చరణమును వ్రాసికొని పాటను పూర్తి చేసికొనెడివారు. అదే పుస్తకమున వెనుక పుటలలో మంగళహారతులు, లాలిపాటలు, అప్పగింతల పాటలు, గొబ్బిపాటలు వ్రాసియుండెడివారు.

రేడియో వచ్చుటతో స్త్రీలకు కలిగిన లాభమును పెక్కుమంది గుర్తింపరు. చదువుటకు తీరిక కావలెను. వినుటకు చెవి యున్న చాలును. పప్పు రుబ్బుచు, బియ్యము చెఱుగుచు, పసిబిడ్డకు పాలిచ్చుచు వినవచ్చును. విజయవాడ ఆకాశవాణి కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీన ప్రారంభమైనది. నిడదవోలున పుట్టిన బాలాంత్రపు రజనీకాంతరావుగారు ఆ కేంద్రమునుండి భక్తిరంజనిని తీర్చిదిద్ది యిచ్చిరి. తెల్లవారుజామున కళ్లాపి చల్లు చప్పుడుతో కలిసి ఆ కీర్తనలు వీధి పొడుగునను వినవచ్చెడివి. గోదావరి యొడ్డునున్న కాకరపఱ్ఱువారైన ఉషశ్రీగారు అదే కేంద్రమునుండి ఆదివారము మధ్యాహ్నము రామాయణ భారతములు చెప్పుచుండగా, వడ్డనలు త్వరగా ముగించి అరుగులమీద చేరెడివారు. సముద్రమునకు ఆవలనుండి సిలోను రేడియో తెలుగు పాటలను వినిపించెడిది. మీనాక్షీ పొన్నుదురైగారి కంఠము ఎఱుగని యిల్లు ఆనాడు తక్కువ. మన సీమలో రేడియో వినోదమునకే గాక ప్రాణరక్షణకును పనికివచ్చినది. తుపాను హెచ్చరిక వినుటకై దీపములు లేని రాత్రులయందు దాని చుట్టు చేరిన కుటుంబములు ఎన్నియో గలవు.

హైదరాబాదు దూరదర్శన కేంద్రము 1977 అక్టోబరు 23న మొదలైనను, బొమ్మ డెల్టా గ్రామములకు చేరుటకు మఱి కొన్నియేండ్లు పట్టినది. డాబాపై నొకరు ఏంటెన్నా త్రిప్పుచుండగా, లోపలనుండి మఱొకరు "వచ్చింది, పోయింది" అని కేకలు వేయుట నేటికి నలువది దాటినవారికెల్ల జ్ఞాపకమే. శుక్రవారము చిత్రలహరికి వీధి వీధియంతయు ఒక యింటిలో చేరెడిది. 1987 జనవరి 25 మొదలు 1988 జూలై 31 వఱకు ఆదివారముల ఉదయమున వచ్చిన రామాయణము హిందీలో నుండెను. మన యిల్లాండ్రలో ఆ భాష తెలిసినవారు కొలదిమందియే. అయినను కథ తెలిసినందున మాట తెలియకుండుట లోటు గాలేదు. హైస్కూలు చదువు పిల్ల ఒక్కతె అర్థము చెప్పుచుండ, అవ్వలు కన్నీరొత్తుకొనుచు చూచిరి. 2020 మార్చిలో మహమ్మారి దినములలో దానినే మరల ప్రసారము చేసినప్పుడు, అవ్వలైన ఆనాటి పిల్లలు మనుమలకు అర్థము చెప్పిరి.

ఇంతమాత్రమున ఆ కాలమంతయు బంగారు కాలమని మేము చెప్పజాలము. రేడియో మర మగవారి చేతిలో నుండెడిది. పంచాయతీ రేడియో దగ్గఱ మగవారు కూర్చుండిన, ఆడువారు గడపలో నిలిచి చెవియొగ్గ వలసివచ్చెడిది. నవల చదివిన కోడలు పనికి మాలినదన్న నింద యుండెడిది. కొంగుచాటున పుస్తకము దాచుకొనుట ఎవ్వరికిని ముచ్చట గాదు. నేటి యువతి తనకు కావలసిన పాటను తన చేతి ఫోనులో తాను కోరిన నిమిషమున వినుట నిజముగ మేలే. మన పెద్దలకు వెలితిగా నుండునది ఆ యంత్రము గాదు, ఆ పాటయు గాదు. ఘంటసాలవారి పాట నేడును యూట్యూబునందు దొరకును. పదిమంది ఒక్క గడియలో ఒక్క పాటను విని, మఱునాడు నూతియొద్ద దానినిగూర్చి మాటలాడుకొనిన ఆ పొత్తు దొరకదు. దినమంతయు పరులకొఱకు పాటుపడిన స్త్రీకి ఆ రెండు గడియలే తనవి. పెట్టెలో దాచినది ఆ గడియలనే. అత్తగారు అన్నము మానుట కాగితములకొఱకు గాదని ఆ సోదరి గ్రహింపవలెను.

ఇండ్లలో దాచుటవలన నేమి యని నవ్వువారు ఒక సంగతి వినవలెను. బ్రిటనులోని బి.బి.సి. వంటి మహాసంస్థ 1960, 1970ల దశకములలో చోటు లేదనియు, టేపులు మరల వాడుకొనవచ్చుననియు తన కార్యక్రమములను పెక్కింటిని చెరిపివేసినది. డాక్టర్ హూ అను ధారావాహికలో పోయిన భాగముల బొమ్మ చాలవఱకు పోయినను, మాటలు మాత్రము మిగిలినవి. ఏలయన, ఆనాడు ఇండ్లలో కొందఱు ప్రేక్షకులు టెలివిజను ముందు టేపురికార్డరు పెట్టి ధ్వనిని పట్టియుంచిరి. మన దేశమున 1931లో వచ్చిన మొదటి టాకీ ఆలం ఆరాకు నేడు ఒక్క ప్రతియు మిగులలేదు. సంస్థలు పోగొట్టుకొనినదానిని ఒకప్పుడు గృహము కాపాడును. మన సీమలో నైతే చెమ్మయు, చెదలును, నీరును కాగితమునకు శత్రువులు. 1986 ఆగస్టు గోదావరి వరదయు, 1996 నవంబరు 6 నాటి తుపానును చూచినవారికి ఇది వేఱుగ చెప్పనక్కఱలేదు. వానిని దాటి నిలిచిన పెట్టెను తూకమునకు వేయుట తగునా?

అయినను సమస్తమును దాచుమని మేము చెప్పము. క్రొత్త మేడలో చోటు కొలతలు మాకును తెలియును. ఒక మధ్యాహ్నము అత్తగారిని దగ్గఱ కూర్చుండబెట్టుకొని పెట్టెలు విప్పుడు. చేతివ్రాత పుస్తకములను మాత్రము విడువకుడు; అట్టివి మఱొక యింట దొరకవు. క్యాసెట్లలో సినిమా పాటలున్నవానిని విడువవచ్చును. కాని యింటివారి కంఠములు, పెండ్లి పాటలు, గతించిన పెద్దల మాటలు ఉన్నవానిని వేఱుచేసి, తెలిసినవారిచేత కంప్యూటరునకు ఎక్కింపుడు. టేపుపై తెల్లని బూజున్నచో యంత్రములో పెట్టకుడు. టేపు తెగును, యంత్రమును చెడును. కుట్టిన నవలలలో అత్తగారికి ప్రియమైనవి నాలుగైదు ఉంచుకొని, తక్కినవానిని గ్రంథాలయమువారిని అడిగి చూడుడు. రాజమహేంద్రవరమున 1898 నాటి మూలములుగల గౌతమీ గ్రంథాలయము మన కండ్ల యెదుటనే గలదు. తుప్పు పట్టిన పిన్నులను తీసి దారముతో కుట్టుడు. ఎండలో గాక నీడగాలికి ఆఱబెట్టి, ఎండిన వేపాకు వేసి, నేలకును గోడకును తగులకుండ పెట్టుడు. ప్రతి పుస్తకముపైనను ఎవరిది, ఏ యూరు, ఏ సంవత్సరమని పెన్సిలుతో వ్రాయుడు.

అన్నిటికంటె ముఖ్యమైనది మఱొకటి గలదు. ఆ పాటల పుస్తకము తెఱచి, "అత్తయ్యగారూ, దీని వరుస యెట్లండి?" అని యడుగుడు. వారు పాడునప్పుడు మీ ఫోనులో పట్టుడు. కాగితముపై పాట మాటలు మాత్రమే యున్నవి. వరుస వారి కంఠముననే యున్నది. చెదలకంటె త్వరగా పోవునది అదియే.

పెద్దలకును ఒక మనవి. మనుమరాలి పాటను విని ముఖము చిట్లింపకుడు. ఆమెకు అదియే రేపటి మధురస్మృతి. ఆ పాట ఏమని యడిగి, ఒక్కమాఱు కలిసి వినుడు. మీరు కోరు పొత్తు మరల అక్కడనే మొదలగును.

ఇక యువతులకు. మీ పాటలు, ఛాయాచిత్రములు, మాటలు సమస్తమును నేడు ఫోనులో నున్నవి. ఫోను నీటిలో పడినను, మాటగుఱుతు మఱచినను అవి ఒక్క నిమిషమున పోవును. వానికి అటకయైనను లేదు. కావున సంవత్సరమున కొకమాఱు మిక్కిలి ప్రియమైనవానిని ఏఱి వేఱొకచోట భద్రపఱుపుడు. కొన్నిటినైనను కాగితముపై దించుడు. నలువదియేండ్ల పిమ్మట మీ కోడలు మీ పెట్టె తెఱచినప్పుడు, అందులో ఏదో ఒకటి దొరకవలెను గదా!