ప్రమాద హెచ్చరిక కార్మికుని భాషలోనే ఉండాలి

2024లో శ్రీ విజయపురమని పేరు మార్చబడిన పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగు వినని వీధి అరుదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవులలో తెలుగు మాతృభాషగా గలవారు యాభై వేలకు పైగా, అనగా జనాభాలో సుమారు 13 శాతం. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుండి ఓడ ఎక్కి వెళ్ళినవారు, వారి సంతతివారు చేపల వేటలోను, రేవు పనులలోను, భవన నిర్మాణంలోను శ్రమిస్తున్నారు.

దీవులలో అందరికీ హిందీ వచ్చును గదా అని యాజమాన్యాలు అనవచ్చు. బజారులో బేరమాడడానికి చాలిన హిందీ, క్రేన్ క్రింద నిలబడినవానికి చాలదు. మాట్లాడగలవాడు చదవగలడన్న హామీ కూడ లేదు.

చట్టాల తీరు గమనించదగినది. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం, పాస్‌బుక్కులో కూలి రేటు, మినహాయింపులు కార్మికుని భాషలో కూడ ఉండాలన్నది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం మాత్రం, నోటీసులు ఇంగ్లీషులోను, అధిక సంఖ్యాకులైన కార్మికులకు అర్థమయ్యే భాషలోను ఉంటే చాలునన్నది. కూలి లెక్కకు కార్మికుని భాష, ప్రాణరక్షణకు అధిక సంఖ్యాకుల భాష! ఈ చట్టాల స్థానంలో వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల కోడ్ 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. ఈ వ్యత్యాసాన్ని తొలగించమని గట్టిగా అడగవలసిన సమయమిదే.

మా కోరికలు స్వల్పమైనవి. పని ప్రారంభానికి ముందు ఆనాటి ప్రమాదాలను కార్మికునికి అతని భాషలో నోటితో చెప్పాలి. చెప్పినది అతనిచే తిరిగి చెప్పించాలి. చదువురానివానికి తెలుగు బోర్డు కూడ గోడమీది గీతలే. ప్రమాదం జరిగినప్పుడు ఆసుపత్రిలో దుబాసీ ఉండాలి. వాఙ్మూలాన్ని అతని భాషలో వ్రాసి, చదివి వినిపించిన పిమ్మటనే వేలిముద్ర వేయించాలి. అర్థం కాని కాగితంపై పడిన ముద్ర నష్టపరిహారానికే అడ్డు కాగలదు. ఖర్చు మాట ఎత్తనవసరం లేదు. జట్టులో రెండు భాషలు తెలిసినవానిని గుర్తించి, ఆ పనికి భత్యమిస్తే చాలు.

ఇది దీవుల సమస్య మాత్రమే కాదు. మన రైలు మార్గాలపై కాంట్రాక్టర్ల క్రింద ఒడియా, హిందీ, బెంగాలీ మాట్లాడే సోదరులు పని చేస్తున్నారు. బండి వస్తున్నదన్న కేక వారికి అర్థం కాకపోతే ఆ కేక వేసి ప్రయోజనమేమి? డబ్బు పంపడానికి, ఖాతా తెరవడానికి వచ్చే వలస కార్మికుని భాష ఏదో తపాలా కౌంటరు వద్ద కూర్చున్నవారికి ముందుగా తెలుస్తుంది. ప్రతి శాఖ తన ఊరిలోని పనిస్థలాలలో ఏయే భాషలవారున్నారో జాబితా తయారుచేసి, అధికారులతో జరిపే తదుపరి చర్చలలో ఈ అంశాన్ని చేర్చాలి.

పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగు కోరే మనకు విజయవాడలో ఒడియా కోరే బాధ్యత కూడ ఉన్నది.