ఆగిపోయిన పికాసా, పాత ఫొటోషాప్‌ల స్థానంలో ఏది వాడాలనే దానిపై తీర్మానం

మార్కాపురం, గిద్దలూరు, కంభం, బేస్తవారిపేట, రాచర్ల, కొమరోలు, యర్రగొండపాలెం, దోర్నాల, త్రిపురాంతకం, తర్లుపాడు, పొదిలి ప్రాంతాల ఫొటో స్టూడియోల యజమానులు, ఆల్బమ్ డిజైనర్లు, వీడియో మిక్సింగ్ చేసేవారు మార్కాపురంలో తమ సంఘం సర్వసభ్య సమావేశంగా కూడి, కింది విషయాన్ని చర్చించి, అధిక సంఖ్యాకుల అంగీకారంతో ఈ తీర్మానాన్ని ఆమోదించడమైనది.

పూర్వాపరాలు

ఫొటోలు ఎంచుకుని దిద్దుకునే పికాసా సాఫ్ట్‌వేర్‌ను గూగుల్ సంస్థ 2004 జూలైలో కొని ఉచితంగా పంచిపెట్టింది. 2016 ఫిబ్రవరిలో దాన్ని ఆపేస్తున్నట్టు ప్రకటించి, అదే ఏడాది మార్చి 15 నుంచి చేతులు దులుపుకుంది. ఆ తర్వాత కూడా మన స్టూడియోల్లో అది నడుస్తూనే ఉంది. పెళ్లివారు పక్కన కుర్చీలో కూర్చుని "ఇది ఉంచండి, అది తీసెయ్యండి, మా చిన్నమామ ఎక్కడా పడలేదేంటి" అంటూ ఉంటే, వేల ఫొటోల్లోంచి నక్షత్రం గుర్తు కొట్టుకుంటూ పోవడానికి దాన్ని మించినది మనకు దొరకలేదు. చీకటిగా పడిన ఫొటోను ఒక్క నొక్కుతో వెలుగులోకి తెచ్చే 'ఐయామ్ ఫీలింగ్ లక్కీ' బటన్ మీద ఈ ప్రాంతంలో ఎన్ని ఓణీల ఫంక్షన్లు గట్టెక్కాయో లెక్కలేదు. ముఖాన్ని బట్టి మనుషుల్ని వేరుచేసే సదుపాయం 2009లో వచ్చాక, "మా అమ్మమ్మ ఉన్నవన్నీ తీసివ్వండి" అన్నా పని నిమిషాల్లో అయ్యేది. ఇంత పని చేసిన పికాసాకు ఈ సమావేశం కృతజ్ఞతలు నమోదు చేస్తున్నది. ఆ కృతజ్ఞత పేరుతో దాన్ని ఇంకా పట్టుకు వేళ్లాడటం మాత్రం తగదని కూడా భావిస్తున్నది.

రెండోది పాత ఫొటోషాప్. 2002లో వచ్చిన 7.0, ఆపైన వచ్చిన సీఎస్ వరుస మన చేతుల్లో అరిగిపోయాయి. ఒకసారి డబ్బు కట్టి సొంతం చేసుకునే పద్ధతిలో అడోబీ ఇచ్చిన చివరిది 2012 నాటి సీఎస్6. ఆ మరుసటి ఏడాదే కొత్తవన్నీ అద్దె మీదనే అని ఆ సంస్థ ప్రకటించింది. 2017 తర్వాత సీఎస్6 అమ్మకమే లేదు. సొంతానికి కొన్నవాళ్లకైనా అది శాశ్వతమా అంటే, సీఎస్2 సంగతి గుర్తు చేసుకోవాలి. దాన్ని తెరిపించే సర్వర్లను మూసేసినప్పుడు, సక్రమంగా కొన్నవారి కోసం సర్వర్‌తో పనిలేని కాపీని ఆ సంస్థే ఇవ్వాల్సి వచ్చింది. డబ్బు మనదైనా తాళంచెవి మన దగ్గర ఉండదని అప్పుడే తెలిసింది. మనం పట్టించుకోలేదు.

ఇప్పుడు పట్టించుకోక తప్పని స్థితి వచ్చింది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. సిస్టమ్ మార్చిన ప్రతివారికీ ఒకటే తిప్పలు: పికాసా ఇన్‌స్టాలర్ అసలు చోట లేదు, దొరికే చోటు నమ్మదగింది కాదు. ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన కాపీతోపాటు వైరస్ కూడా వస్తే, పోయేది మన ఫైళ్లు కాదు, ఊళ్లోవాళ్ల పెళ్లిళ్లు.

ఆ చివరి మాట మీదనే సమావేశంలో ఎక్కువసేపు చర్చ నడిచింది. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఒకరు డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు ఆ తీయించుకున్న మనిషే. తీసినవారం మనం, ఫొటో వారిది. కాబట్టి ఏ సాఫ్ట్‌వేర్ బాగుంది అన్న ప్రశ్నకు ముందు ఇంకో ప్రశ్న ఉంది. ఇవాళ్టి పెళ్లి ఫైళ్లు పదిహేనేళ్ల తర్వాత, మన స్టూడియో ఉన్నా లేకపోయినా, ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉన్నా లేకపోయినా, ఆ ఇంటివాళ్లకు తెరుచుకుంటాయా? ఎంపికకు ఈ సమావేశం పెట్టుకున్న ప్రధాన కొలత ఇదే. ఎన్ని బటన్లున్నాయి, ఎంత వేగం అన్నవి దీని తర్వాత.

ఈ కొలతతో చూస్తే పికాసాలోనే ఒక ప్రమాదం దాగి ఉంది. అందులో మనం చేసిన దిద్దుబాట్లు 'సేవ్' కొట్టేదాకా ఫొటోలోకి ఎక్కవు; ఒక్కో ఫోల్డర్‌లో కనబడకుండా ఉండే చిన్న '.పికాసా.ఐఎన్ఐ' ఫైలులో రాసి ఉంటాయి. సేవ్ కొట్టినవాటి అసలు ప్రతులు '.పికాసాఒరిజినల్స్' అనే మరో దాపుడు ఫోల్డర్‌లోకి వెళతాయి. ఈ సంగతి తెలియక కంటికి కనిపించే ఫొటోలు మాత్రమే కొత్త హార్డ్ డిస్క్‌కు ఎక్కిస్తే, సేవ్ కొట్టని దిద్దుబాట్లూ, కొట్టినవాటి అసలు ప్రతులూ పాత డిస్క్‌లోనే మిగిలిపోతాయి.

తెలుగు అక్షరాల సంగతి ఇంకా కష్టం. పాత ఫొటోషాప్‌లో యూనికోడ్ తెలుగు పెడితే వత్తులు, గుణింతాలు విడివిడిగా పడేవి. అందుకే అందరం అను ఫాంట్లతో లాక్కొచ్చాం. అవి చూడముచ్చటైనవి, సందేహం లేదు. కానీ అను అక్షరం నిజానికి ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చున్న తెలుగు బొమ్మ. ఆ ఫాంటు లేని సిస్టమ్‌లో తెరిస్తే పెళ్లికూతురి పేరు స్థానంలో అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే చోటుంది. ఆలస్యం మన పనిముట్లది, కొంత మన అలవాటుది.

పరిశీలించినవి

అద్దె ఫొటోషాప్: పనితనంలో దీనికి ఎదురులేదని అందరూ ఒప్పుకున్నారు. ఇప్పటి రూపంలో తెలుగు కూడా సరిగా పడుతుంది. పన్నెండు బై ముప్ఫైఆరు అంగుళాల కరిజ్మా ఆల్బమ్ షీటు 300 డీపీఐలో 3600 బై 10800 పిక్సెళ్లు, అంటే దాదాపు 3 కోట్ల 90 లక్షల పిక్సెళ్లు. అలాంటి షీట్లు రోజూ పదుల సంఖ్యలో కట్టేవాళ్లు, పీఎస్‌డీ టెంప్లేట్ల మీద బతికేవాళ్లు దాన్ని వదలలేరు. అయితే పెళ్లిళ్ల సీజన్‌లో నాలుగు నెలలు సంపాదించి, ఆషాఢం, మూఢం రోజుల్లో పాస్‌పోర్ట్ ఫొటోలతో, జిరాక్సుతో నెట్టుకొచ్చే స్టూడియోకు పన్నెండు నెలలూ అద్దె కట్టడం బరువే.

అఫినిటీ: బ్రిటన్‌కు చెందిన సెరిఫ్ సంస్థది. 2024 మార్చిలో కాన్వా కొన్నది, 2025 అక్టోబర్ చివర్లో ఉచితం చేసింది. పని బాగుంది, పైసా ఖర్చు లేదు అని కుర్ర డిజైనర్లు గట్టిగా వాదించారు. దానికి పెద్దవాళ్లిచ్చిన జవాబు: పికాసా కూడా ఉచితమే కదా. పికాసాను మూసేసిన 2016 మార్చి నెలలోనే గూగుల్ నిక్ కలెక్షన్ అనే ఫిల్టర్ల కట్టను ఉచితం చేసింది. రెండేళ్లు తిరగకుండా దాన్ని డీఎక్స్‌ఓ అనే కంపెనీకి అమ్మేసింది. తర్వాత అది మళ్లీ డబ్బు పెట్టి కొనుక్కునే సరుకైంది. అఫినిటీని ఎవరైనా వాడుకోవచ్చు. సంఘం సిఫారసు మాత్రం చేయదు.

గింప్: 1995లో బర్కిలీ విశ్వవిద్యాలయంలో ఇద్దరు విద్యార్థులు మొదలుపెట్టినది. దీని సోర్స్ కోడ్ అందరికీ బహిరంగం. నడిపేవాళ్లు మానేసినా ఇంకొకరు అందుకోవచ్చు. తాళం వేసే హక్కు ఎవరికీ లేదు. 2025 మార్చిలో వచ్చిన 3.0తో, వేసిన ఎఫెక్టును తర్వాత మార్చుకునే వీలు కూడా కలిగింది. లోపాలు దాచడం లేదు. పీఎస్‌డీ తెరిస్తే లేయర్లు వస్తాయి గానీ స్మార్ట్ ఆబ్జెక్టులు ఉన్నవి ఉన్నట్టు రావు, అక్షరాలు దిద్దడానికి వీల్లేని బొమ్మలుగా మారవచ్చు. ప్రెస్సుకు కావలసిన సీఎంవైకే పని పూర్తిస్థాయిలో లేదు. మెనూలు చూడగానే ఫొటోషాప్ చేతికి చిరాకు పుడుతుంది. అది నెల రోజుల చిరాకు అని వాడుతున్నవారు చెప్పారు, నమ్ముతున్నాం.

తెలుగు పరీక్షగా సమావేశంలోనే గింప్‌లో 'శ్రీ లక్ష్మీ చెన్నకేశవ స్వామి' అని టైపు చేసి చూడటమైనది. 'క్ష్మీ' విడిపోకుండా పడింది. మన ఊరి దేవుడి పేరు సరిగా రాయలేని సాఫ్ట్‌వేర్ మనకెందుకు అన్న సభ్యుడి మాటకు చప్పట్లు పడ్డాయని మినిట్స్‌లో రాయాలని కోరారు, రాశాం.

కావున ఈ సమావేశం తీర్మానిస్తున్నది ఏమనగా:

ఒకటి. ఫొటోల సెలక్షన్‌కు, భద్రపరచడానికి పికాసా స్థానంలో డిజికామ్‌ను, దిద్దుబాటుకు గింప్‌ను, కెమెరా రా ఫైళ్లకు డార్క్‌టేబుల్‌ను సంఘం సిఫారసు చేస్తున్నది. మూడూ ఉచితం, మూడింటి సోర్స్ కోడ్ బహిరంగం. డిజికామ్‌లో పేర్లు, గుర్తులు ఫొటో ఫైలులోనే రాసే సెట్టింగును మొదటిరోజే ఆన్ చేయాలి. చేయకపోతే పికాసా కథే మళ్లీ. పెద్ద ఆల్బమ్ పని చేసేవారు అద్దె ఫొటోషాప్ వాడుకోవడంపై ఏ ఆంక్షా లేదు.

రెండు. పికాసాను తొలగించే ముందు ప్రతి స్టూడియో దిద్దిన ఫొటోలన్నిటినీ సేవ్ చేయడమో ఎక్స్‌పోర్ట్ చేయడమో పూర్తిచేయాలి. ఆప్షన్లలో పేర్లను ఫొటోలోనే భద్రపరిచే ఏర్పాటు ఎంచుకోవాలి. దాపుడు ఫైళ్లు కనబడేలా పెట్టుకుని ఫోల్డర్లను యథాతథంగా రెండు వేర్వేరు హార్డ్ డిస్క్‌లకు ఎక్కించాలి, రెండూ ఒకే బీరువాలో పెట్టకూడదు. ఈ పనికి ఆషాఢమాసం గడువు. ముహూర్తాలు లేవు కనుక తీరిక లేదనే మాట చెల్లదు.

మూడు. ఆల్బమ్ ముగిసిన ప్రతి పెళ్లికీ పూర్తయిన షీట్లను జేపీఈజీగా, వీలైతే టిఫ్‌గా కూడా పెళ్లివారికి ఇవ్వాలి. పీఎస్‌డీ మన దగ్గర ఉంచుకోవచ్చు, అదొక్కటే ఉంచుకోకూడదు.

నాలుగు. కొత్తగా కట్టే ఆల్బమ్ అట్టలు, ఫ్లెక్సీలు, సంతాప ఫొటోల కింద పేర్లు యూనికోడ్‌లోనే ఉండాలి. మండలి, రామభద్ర, సూరన్న, పెద్దన, తిమ్మన, ధూర్జటి, గిడుగు వంటి ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతో దొరుకుతున్నాయి. అను ఫాంట్లలో ఉన్న పాత టెంప్లేట్లను ఒక్కసారిగా మార్చనక్కర్లేదు, పని వచ్చినప్పుడు దాన్ని తిరిగి టైపు చేస్తే చాలు. శుభలేఖలు కట్టే డీటీపీ సోదరులు 2001 నాటి పేజ్‌మేకర్ 7.0 నుంచి బయటపడటానికి స్క్రైబస్‌ను పరిశీలించాలని కోరుతున్నాం. ఆ సంగతి వారి సభలో వారే తేల్చుకోవాలి.

ఐదు. క్రాక్ కాపీలు మానాలి. ఈ మాట మీద సభలో కాస్త నిశ్శబ్దం, తర్వాత కాస్త నవ్వు. అయినా చట్టం చెప్పేది చెప్పాలి: దొంగ కాపీ అని తెలిసి వాడితే కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ కింద ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా. వ్యాపారానికి కాకుండా వాడినవారికి కోర్టు కొంత వెసులుబాటు చూపవచ్చు, మనం వ్యాపారులం. సక్రమంగా కొన్న సాఫ్ట్‌వేర్‌కు రక్షణ కోసం బ్యాకప్ కాపీ పెట్టుకోవడాన్ని ఇదే చట్టం ఒప్పుకుంటుంది. పాత సీడీలు, ఇన్‌స్టాలర్లు ఉన్నవారు పారేయవద్దు.

ఆరు. చనిపోయినవారి ఫొటో విషయం. పెద్దకర్మ నాటికి ఫ్రేము కావాలని రేషన్ కార్డు మీది మసక బొమ్మో, పాత గ్రూపు ఫొటోలో వెనక వరసలోని ముఖమో తెచ్చి ఇస్తారు. ఇప్పటి ఏఐ పనిముట్లు ఆ మసకలోంచి నిగనిగలాడే ముఖాన్ని పుట్టిస్తాయి. ఒక్కోసారి అది ఆ మనిషి ముఖం కాదు, పోలికున్న వేరే ముఖం. ఇంటివాళ్లు ఏడుపులో గమనించరు, సంవత్సరీకం నాటికి గమనిస్తారు. కాబట్టి గీతలు, మరకలు తీయడం, వెలుతురు సరిచేయడం వరకు చేయి దిద్దుబాటే చేయాలి. ఏఐతో ముఖం పుట్టించాల్సి వస్తే ఇంటివాళ్లకు ముందే చెప్పి, అసలు ప్రతి పక్కన పెట్టి చూపించి, వారు ఒప్పుకుంటేనే ఫ్రేము కట్టాలి. ఈ అంశం ఏకగ్రీవం.

ఏడు. పలకల వ్యాపారులు, రాతి టైల్స్ ఎగుమతిదారులు ఇచ్చే కేటలాగు పనిలో రంగు ఉన్నది ఉన్నట్టే రావాలి. మానిటర్ రంగులు సరిచూసుకునే పరికరం ఒకటి సంఘం నిధితో కొని, మార్కాపురంలో ఒకటో వారం, గిద్దలూరులో మూడో వారం అందుబాటులో ఉంచాలి. పరికరం పాడుచేసినవారే బాగు చేయించాలి.

ఎనిమిది. గింప్, డిజికామ్ నేర్పే తరగతులు మూఢం రోజుల్లో పెట్టాలి. నేర్చుకున్నవారు సహాయకులకు కూడా నేర్పాలి. చాలా స్టూడియోల్లో సిస్టమ్ ముందు కూర్చునేది యజమాని కాదు, సహాయకుడే.

అసమ్మతి: ల్యాబులకు పీఎస్‌డీనే పంపే ఆల్బమ్ డిజైనర్లు కొందరు, గింప్‌ను ఒకటో అంశంలో ముందుపెట్టడం తమ పనిని తక్కువ చేయడమేనని అభ్యంతరం చెప్పారు. సిఫారసు నిర్బంధం కాదని సభాధ్యక్షులు వివరించినా వారు తృప్తి పడలేదు. వారి అభ్యంతరాన్ని ఉన్నది ఉన్నట్టు ఈ తీర్మానానికి జతచేయడమైనది. వచ్చే శ్రావణమాసం ముహూర్తాలు ముగిశాక ఒకటో అంశాన్ని మాత్రం తిరిగి సభ ముందు పెట్టాలి, అప్పటికి రెండు పక్షాలవారూ ఒక్కో పూర్తి ఆల్బమ్ కట్టి తీసుకురావాలి.

తీర్మానం ప్రతులను సభ్య స్టూడియోలన్నిటికీ పంపాలని, కౌంటరు దగ్గర ఖాతాదారులకు కనబడేలా మూడో, ఆరో అంశాలను అంటించాలని నిర్ణయించడమైనది.